గాలికి తూములు

నల్లగొండ జిల్లా మిర్యాలగూడ ప్రాంతమందలి యొక బియ్యపుమిల్లులో బస్తాలు నింపు యంత్రము నెదుట నేనొక మధ్యాహ్నమంతయు కూర్చుంటిని. ఆ యంత్రమునకు గాలితో నడచు సిలిండర్లు నాలుగు గలవు. ఒకటి బస్తామూతిని బిగించి పట్టుకొనును. రెండవది పెద్ద తలుపును తెరచి బియ్యమును ధారగా వదలును. మూడవది సన్నతలుపును నడపి, తూకము పూర్తి కావచ్చిన సమయమున గింజలను పిడికెడు పిడికెడుగా జారవిడుచును. నాలుగవది నిండిన బస్తాను కన్వేయరు పట్టాపైకి నెట్టును. వీనిలో ఏ ఒక్కటి విడిగా కదలినను లోప మేమియు కానరాదు. కాని నిండిన బస్తాను నెట్టుచుండగనే క్రొత్త బస్తాకై రెండు తలుపులును తెరచుకొనిన క్షణమున, అంతవరకు గట్టిగా పట్టియున్న మొదటి సిలిండరు పట్టు సడలి, బస్తామూతి యొకప్రక్కకు జారి, దోసెడు బియ్యము నేలపై చిందుచుండెను. ఆవల గదిలోని కంప్రెసరు గేజి మాత్రము 7 బార్లయొద్దనే కదలక నిలిచియున్నది.

మిల్లు యజమాని మొదట రెగ్యులేటరును త్రిప్పి యంత్రమునకు వచ్చు పీడనమును పెంచెను. బియ్యము చిందుట తగ్గెనే కాని మానలేదు. పిమ్మట పెద్ద కంప్రెసరుల ధరలు విచారింపసాగెను. ఆ మధ్యాహ్నము వచ్చిన వృద్ధుడగు ఫిట్టరు యంత్రము నాపించి, గొట్టములలోని గాలి నంతయు వదలించి, చట్రము మొదటనున్న యొక చిన్న ఎల్బోను, అనగా గొట్టమును మలుపు త్రిప్పు తునుకను, స్పానరుతో విప్పి, కిటికీ వెలుతురున కెదురుగా పట్టి చూచి, నా చేతి కిచ్చి యిట్లనెను: "గీ సందుల నుంచి నాలుగు సిలిండర్లకు గాలి యాడికెళ్లి వస్తది సార్? కాలువ ఎంత పెద్దగుంటే ఏంది, తూము చిన్నగున్నంక!"

నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో పంట పండించుకొను సీమవాని నోట ఈ పోలిక వచ్చుట సహజమే. కాని అందులో ఒక యథార్థమైన శాస్త్రవిషయ మిమిడియున్నది. గాలిగొట్టమును సిలిండరుతో కలుపు చిన్న ఇత్తడి తునుకను, అనగా ఫిట్టింగును, మనము సామాన్యముగా అతుకు అని తలంతుము. గాలి బయటికి పోకున్న చాలునని సంతోషింతుము. అది అతుకు మాత్రమే కాదు, తూము కూడ. ఏ సిలిండరునకు ఎంత గాలి, ఎంత త్వరగా, ఎవరి తరువాత ఎవరికి చేరవలెనో నిర్ణయించునది అదియే. ఫిట్టింగుల నెన్నుకొనుట యనగా గాలిని పంచుకొను న్యాయమును నిర్ణయించుట యని నేను గ్రహించినది ఆనాడే.

ఒకే గొట్టమునుండి పెక్కు సిలిండర్లకు గాలి పంచుటలోని చిక్కులను లోకమునకు స్పష్టముగా చూపినవి రైలుబండ్లు. ఆల్ప్స్ పర్వతముల క్రింద ఫ్రాన్సును ఇటలీని కలుపు ఫ్రేజుస్ సొరంగమును 1857 నుండి 1871 వరకు త్రవ్వినపుడు, జెర్మెయిన్ సోమీయే యను ఇంజనీరు సంపీడిత వాయువుతో నడచు రాతితొలిమరలను వినియోగించెను. బయట నొత్తిన గాలి దూరమున సొరంగపు కొననున్న యంత్రమును నడపగలిగిన వార్తను అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ యను యువకుడు పత్రికలో చదివి, ఆ గాలియే రైలు పెట్టెల క్రిందనున్న బ్రేకులను ఏల నొక్కరాదని యోచించెను. 1869లో, ఇరువది రెండేండ్ల వయసున, అతడు పేటెంటు పొందిన వాయుబ్రేకునందు ఇంజనుపై నొక గాలితొట్టియు, బండి పొడుగున నొక గొట్టమును, పెట్టె కొక సిలిండరును ఉండెను. డ్రైవరు కవాటమును తెరచినంతనే తొట్టిలోని గాలి గొట్టమువెంట పరుగెత్తి సిలిండర్లలో ప్రవేశించి బ్రేకులను బిగించెడిది.

ఆలోచన గొప్పది, కాని పంపకమున రెండు దోషములు బయల్పడెను. ముందు పెట్టెల సిలిండర్లు నిండుచుండగా వెనుక పెట్టెలకు గాలి ఆలస్యముగా చేరుచుండెను. మధ్య నెచ్చట గొట్టము తెగినను బండి కంతటికిని బ్రేకు లేకుండపోవుచుండెను. 1872 నాటికి వెస్టింగ్‌హౌస్ ఈ పద్ధతిని తలక్రిందులు చేసెను. ప్రతి పెట్టెక్రిందను ఒక చిన్న తొట్టిని, దానిప్రక్కన మూడుపనులు చేయు నొక కవాటమును అమర్చి, ప్రధానగొట్టములో పీడన మున్నంతవరకు ఆ తొట్టులు నిండియుండునట్లును, పీడనము తగ్గిన మరుక్షణము ప్రతి సిలిండరును తన ప్రక్కనున్న తొట్టినుండియే గాలిని తీసికొని బ్రేకు బిగించునట్లును చేసెను. గొట్టము తెగినచో బండి తనంతట తానే ఆగును. ఐనను 1886, 1887 సంవత్సరములలో బర్లింగ్టన్ నగరమున ఏబది పెట్టెల గూడ్సుబండ్లతో జరిపిన పరీక్షలలో, ముందు పెట్టెలు ఆగుచుండగా వెనుకవి వచ్చి గ్రుద్దుకొనెను. పీడనము తగ్గిన వార్త గొట్టమువెంట వెనుకకు చేరుటకు అంత కాలము పట్టినది. అపుడతడు ప్రతి పెట్టెయొద్దను గొట్టములోని గాలిని కొంత అక్కడికక్కడే విడుచు వేగకవాటమును కనిపెట్టి ఆ చిక్కును తీర్చెను. నేడు సికింద్రాబాదు స్టేషనులో రెండు పెట్టెల నడుమ వంగి చూచినచో జంటగా వ్రేలాడు రబ్బరు గొట్టములు కనబడును. వానిలో బ్రేకుగొట్టమున చదరపు సెంటీమీటరునకు 5 కిలోల పీడనము, ఫీడుగొట్టమున 6 కిలోల పీడనము ఉండును. మిల్లులోని బస్తా జారుటకును, బర్లింగ్టనులో పెట్టెలు గ్రుద్దుకొనుటకును మూలము ఒక్కటే: ఒకే దారిని నమ్ముకొనిన పెక్కు సిలిండర్లు ఒకే క్షణమున గాలి నడుగుట.

ఫిట్టింగుల నెన్నుకొనువాడు దుకాణమునుండి గాక సిలిండరునుండి బయలుదేరవలెను. మిల్లులోని సిలిండర్ల లోవ్యాసము 50 మిల్లీమీటర్లు, నడక 100 మిల్లీమీటర్లు. పిస్టను వైశాల్యము 19.6 చదరపు సెంటీమీటర్లు. 6 బార్ల పీడనమున, అనగా చదరపు సెంటీమీటరునకు కొంచె మెచ్చుతక్కువగా 6 కిలోల ఒత్తిడితో, అది 120 కిలోల బలముతో నెట్టును. వెనుకకు వచ్చునపుడు 20 మిల్లీమీటర్ల పిస్టనుకడ్డీ కొంతచోటు నాక్రమించుటచే బలము నూరు కిలోలకు దిగును. ఒక్కసారి ముందుకు నడచుటకు సిలిండరులో 196 ఘన సెంటీమీటర్ల గాలి నిండవలెను. అది 6 బార్ల గేజిపీడనమున నున్న గాలి, అనగా వాతావరణముతో కలిపి 7 బార్ల గాలి, కావున బయటి లెక్కలో 1.37 లీటర్లు. రాకపోకలు రెండును కలిసి రెండున్నర లీటర్లు. నిమిషమునకు 5 బస్తాలు నింపినచో ఒక సిలిండరునకు 12.6 లీటర్లు, నాలుగింటికి 50 లీటర్లు. ఈ లెక్క చూచినవారు ఇంత చిన్న కోరికకు ఆరు మిల్లీమీటర్ల గొట్టము చాలదా యందురు; యంత్రమును కట్టినవారు అట్లే అనుకొనియుందురు.

ఇదియే ఈ విద్యలో అందరును కాలుజారు తావు. నిమిషమునకు 50 లీటర్లన్నది సగటు. కాని సిలిండరు నిమిషమంతయు కదలదు. అర సెకనులో కదలి తక్కిన కాలము నిశ్చలముగా నుండును. అర సెకనులో 1.37 లీటర్లు కావలెనన్న, ఆ అర సెకనువరకు గొట్టమున ప్రవాహము నిమిషమునకు 165 లీటర్ల చొప్పున నడువవలెను. మూడు సిలిండర్లు ఒక్కమారు కదలినచో ఆ చొప్పు 495 లీటర్లు, సగటునకు పదింతలు! కంప్రెసరును సగటునుబట్టి కొనవచ్చును, దానికి తొట్టి తోడుండును గనుక; గొట్టమును ఫిట్టింగును మాత్రము ఆ అర సెకనునుబట్టియే కొనవలెను. మాసపు కర్చు తెలిసినంతమాత్రమున పెండ్లినాటి పంక్తికి ఎన్ని విస్తళ్లు వేయవలెనో తెలియదు గదా.

ఇక కొలతలకు వత్తము. పి.యు. గొట్టములని పిలువబడు పాలీయురెథేను గొట్టములను బయటి వ్యాసముతో పేర్కొందురు: 4, 6, 8, 10, 12 మిల్లీమీటర్లు. గాలి నడుచునది లోపల; అది అమ్మువాడు చెప్పడు, కొనువాడడుగడు. నాలుగు గొట్టమునకు లోవ్యాసము 2.5, ఆరింటికి 4, ఎనిమిదింటికి 5, పదింటికి 6.5, పండ్రెండింటికి 8 మిల్లీమీటర్లు ఉండుట సాధారణము. వైశాల్యములుగా చూచినచో వరుసగా 4.9, 12.6, 19.6, 33.2, 50.3 చదరపు మిల్లీమీటర్లు. అనగా పేరునకు నాలుగును ఆరును దగ్గరవే యైనను దారి రెండున్నర రెట్లు తేడా. గోడల రాపిడివలన కలుగు పీడననష్టము ఇంకను తీవ్రముగా మారును: ఒకే ప్రవాహమునకు అది లోవ్యాసముయొక్క అయిదవ ఘాతమునకు విలోమముగా నుండును. పది మిల్లీమీటర్ల గొట్టమునకు మారుగా ఆరు మిల్లీమీటర్ల గొట్టము వేసినచో నష్టము సుమారు 11 రెట్లగును.

గొట్టముకంటె ఫిట్టింగు నోరు ఇంకను ఇరుకు కావచ్చును. ముఖ్యముగా ఎల్బోలందును, బాంజో యను బోలు బోల్టు ఫిట్టింగులందును గాలి సన్నని రంధ్రముగుండ దూరి లంబముగా మలుపు తిరుగవలెను. ఆ దినమున నా చేతిలో నుంచిన ఎల్బో మరమూతి నుండి చూచిన దారి కందిగింజంత కూడ లేదు. ఒకే కొలతగల ఇరుకులు నాలుగు వరుసగా వచ్చినచో వానిగుండ సాగు ప్రవాహము ఒక్క ఇరుకుగుండ సాగుదానిలో ఇంచుమించు సగమే. అందుచేత సిలిండరునకును కవాటమునకును మధ్య ఎన్ని మలుపులు తగ్గించిన అంత మేలు. ఎల్బో వేయక తీరనిచోట గొట్టమునే పెద్ద వంపుగా త్రిప్పుట ఉత్తమము. ఇరుకు దారిలో గాలి వేగమునకొక పరమావధి కూడ గలదు. ఇరుకునకు దిగువనున్న పీడనము ఎగువ పీడనములో, వాతావరణముతో చేర్చి లెక్కించినపుడు, ఇంచుమించు సగముకంటె తక్కువైనచో గాలి ఆ ఇరుకున శబ్దవేగమును, అనగా సెకనుకు 300 మీటర్లకు మించిన వేగమును అందుకొనును. ఆపైన దిగువ పీడనము సున్నకు దిగినను ప్రవాహము పెరుగదు. ఖాళీ సిలిండరు నిండుటకు మొదలిడిన క్షణమున జరుగునది ఇదియే.

కంప్రెసరు గేజి 7 బార్లయొద్ద నిలిచియుండుటలోని మర్మ మిపుడు తెలియును. గాలి కదలనపుడు గొట్టమంతట పీడన మొక్కటే. కదలినపుడు మాత్రమే ప్రతి ఇరుకును తనపాలు తీసికొనును. ఫిట్టరు బిగింపుసిలిండరు మూతియొద్ద నొక టీ ఫిట్టింగును, అనగా మూడు మూతులుగల తునుకను, పెట్టి అందులో చిన్న గేజిని బిగించి యంత్రమును నడపించినపుడు, అంతవరకు 6కు పైనున్న ముల్లు మూడు సిలిండర్లు కదలిన క్షణమున 3కు దిగి మరల లేచుట నేను కన్నులార చూచితిని. గోడపై నర అంగుళపు ఇనుపగొట్టము వచ్చుచున్నది; ఫిల్టరును రెగ్యులేటరును సరియైనవే; వానికి తరువాత ఆ ఇరుకు ఎల్బో, ఆరు మిల్లీమీటర్ల గొట్టము, ఒకదానివెనుక నొకటిగా మూడు టీలు. ఆ వరుసలో చిట్టచివరిది బిగింపుసిలిండరు! తన గాలి కొరతపడుట యటుండ, ముందువారు లాగుకొనినపుడు దాని కడుపులో నున్న గాలియే కవాటముగుండ వెనుకకు ప్రవహించి వారికి చేరుచున్నది. అందుచేతనే పట్టు సడలుట. కాలువ క్రింద చివరి మడి ఎండుట నెరుగుదుము. ఇచట చివరి మడిలోని నీరు ఎగువకు పారినట్లయినది.

కావున పెక్కు సిలిండర్లకు గాలి పంచునపుడు గొలుసుకట్టుగా టీలు వేయుట నాకు సమ్మతముకాదు. పెద్ద గొట్టముతో గాలిని ఒక మానిఫోల్డునకు, అనగా పెక్కు మూతులుగల ఒక దిమ్మెకు, చేర్చి అందుండి ఒక్కొక్క కవాటమునకు వేరువేరు పాయలు తీయుట ధర్మము. ఫిట్టరు అట్లే చేసెను: రెగ్యులేటరు మొదలు దిమ్మె వరకు పది మిల్లీమీటర్ల గొట్టము, తిన్నని ఫిట్టింగులు; దిమ్మెనుండి సిలిండర్లకు యథాప్రకారము ఆరు. ఒక్క సిలిండరు అర సెకనులో కదలుటకు మీటరు రెండు మీటర్ల దూరమున ఆరు చాలును. బిగింపుసిలిండరు పాయలో, దాని కవాటమునకు ముందు, ఒక నాన్‌రిటర్ను వాల్వును అమర్చెను. ఇక లోపలికి వెళ్లిన గాలి వెనుకకు రాదు. వెస్టింగ్‌హౌస్ పెట్టె పెట్టెకు తొట్టి నిచ్చి సాధించినదియు ఈ రక్షణయే. ఐతే ఇందొక జాగ్రత్త గలదు: అసలు గాలిని ఆపినతరువాత కూడ ఆ సిలిండరులో పీడనము నిలిచియుండును గనుక, చేయిపెట్టుటకు ముందు దానిని వదలుటకొక చిన్న కవాటము తప్పక ఉండవలెను. ఆ ఫిట్టరు దానిని ఎఱ్ఱరంగుతో గుర్తించి, అక్కడి పనివానిచే మూడుమార్లు విప్పించి కట్టించెను.

పెద్దదే మంచిదని అన్నిటికి లావు గొట్టములు తగిలించుటయు పొరపాటే. కవాటమునకును సిలిండరునకును మధ్యనున్న గొట్టము ప్రతిసారియు నిండి ప్రతిసారియు ఖాళీయగును. ఆ గాలి పనిచేయకయే పోవును. 16 మిల్లీమీటర్ల లోవ్యాసము, 25 మిల్లీమీటర్ల నడక గల చిన్న సిలిండరులో పట్టు గాలి 5 ఘన సెంటీమీటర్లు మాత్రమే. దానికి మూడు మీటర్ల ఆరు మిల్లీమీటర్ల గొట్టము వేసినచో గొట్టములోనే 38 ఘన సెంటీమీటర్లు పట్టును. అట్టిచోట నాలుగు మిల్లీమీటర్ల గొట్టము, దగ్గరగా నుంచిన కవాటము మేలు.

రెండు సిలిండర్లు ఒక బల్లను చెరియొక ప్రక్కను పట్టి సమముగా లేపవలెనన్న కోరిక తరచుగా వినబడును. సరిసమానమైన గొట్టములతో, నడుమ వై ఆకారపు ఫిట్టింగుతో గాలిని చీల్చినచో రెండును కలిసి నడచునని కొందరి నమ్మకము. అది నిజముకాదు. ఏ సిలిండరులో రాపిడి తక్కువయో, ఏ ప్రక్క బరువు తక్కువయో, అది ముందు కదలును. గాలి అటే పోవును. బయటికి పోవు గాలిని అదుపుచేయు ఫ్లో కంట్రోలు వాల్వులతో నడకను దగ్గరకు తేవచ్చునే కాని ఖచ్చితముగా కట్టలేము. రెండింటిని ఇనుపకడ్డీతోనో పళ్లచక్రములతోనో బంధించుటయే మార్గము.

ఇంతవరకు దారి సంగతి. ఇక బిగింపు సంగతి. అందు ముఖ్యమైనది మర, మన ఫిట్టర్లు త్రెడ్డు అనునది. పావు అంగుళపు ఫిట్టింగు నొకదానిని కొలిచి చూడుడు. పావు అంగుళము, అనగా 6.35 మిల్లీమీటర్లు, దానిపై నెచ్చటను కానరాదు. మర బయటివ్యాసము 13.157 మిల్లీమీటర్లు, అర అంగుళముకంటె ఎక్కువ! పూర్వపు ఇనుపగొట్టముల లోవ్యాసమునుబట్టి వచ్చిన పేరు, గొట్టములు మారినను మిగిలిపోయినది. 1841లో జోసెఫ్ విట్‌వర్తు ఇంగ్లండులోని పెక్కు కర్మాగారముల మరలను సేకరించి, సగటుచూచి, 55 డిగ్రీల కోణముగల మరను ప్రతిపాదించెను. బ్రిటిషువారి గొట్టపుమర దాని సంతతియే, మనదేశమున వాడుకలోనున్నదియు అదియే. అమెరికాలో 1864లో విలియం సెల్లర్సు 60 డిగ్రీల మరను ప్రవేశపెట్టెను. అచటి గొట్టపుమరకు ఆ కోణము వచ్చినది. పావు అంగుళమున బ్రిటిషు పద్ధతిలో అంగుళమునకు 19 చుట్లు, అమెరికా పద్ధతిలో 18. రెండు చుట్లు తిరిగి మూడవదాన పట్టుకొని నిలిచినచో వెంటనే అనుమానింపవలెను. అర అంగుళమునను ముప్పావు అంగుళమునను ప్రమాదము హెచ్చు: రెండు పద్ధతులందును 14 చుట్లే. తిరిగినట్లే తిరిగి, బిగిసినట్లే బిగిసి, గాలిని మాత్రము నిలుపవు.

బ్రిటిషు పద్ధతిలోనే మరల రెండు జాతులు. ఒకటి చివరకు సన్నగిలు మర. 16 పాళ్ల పొడుగునకు ఒక పాలు సన్నగిలుచు, మేకువలె బిగిసి తానే గాలిని ఆపును. రెండవది తిన్నని మర. ఇది పట్టుకొనుట మాత్రమే చేయును, గాలిని ఆపుటకు క్రింద వాషరో ఓ-రింగో కావలెను. మన ప్రామాణిక గ్రంథములలో ఐ.ఎస్. 554 మొదటిదానికి, ఐ.ఎస్. 2643 రెండవదానికి సంబంధించినవి. అంతర్జాతీయ ప్రమాణము ననుసరించు 50 మిల్లీమీటర్ల సిలిండరు మూతులు పావు అంగుళపు తిన్నని మర కలవి, అల్యూమినియముతో చేసినవి. సన్నగిలు మరగల ఇత్తడి ఫిట్టింగును టెఫ్లాను టేపు చుట్టి పొడుగు స్పానరుతో ఇంకొక చుట్టు, ఇంకొక చుట్టు అని బిగించినచో మేకు కొయ్యను చీల్చినట్లు సిలిండరుమూత చీలును. అట్లు చీలిన మూతలను నేను మూడింటిని చూచితిని. తిన్నని మరకు టేపుతో పనిలేదు. సన్నగిలు మరకు చుట్టునపుడును మొదటి చుట్టును వదలి, మర తిరుగు దిక్కునకే చుట్టవలెను. లేనిచో టేపుపోగులు తెగి గాలితో కొట్టుకొనిపోయి కవాటపు సన్నరంధ్రములలో చిక్కుకొనును. అపుడు దోషము కవాటమున వెదకి దినములు గడుపుదుము.

గొట్టమును గ్రుచ్చినంతనే పట్టుకొను పి.యు. ఫిట్టింగును ఒకదానిని కోసి చూచిన వారికి దానియందు గౌరవము కలుగును. లోన వాలుగా వంగిన స్టెయిన్‌లెస్ ఉక్కు పండ్లవలయము. గొట్టము లోనికి పోవునపుడు అవి దారి యిచ్చును, వెనుకకు లాగినకొలది కరచి పట్టును. దానికావల రబ్బరు ఓ-రింగు గొట్టపు బయటి చర్మము నొత్తుకొని గాలిని ఆపును. ఈ ఓ-రింగునకు 1939లో పేటెంటు పొందిన నీల్సు క్రిస్టెన్‌సెన్ డెన్మార్కునుండి అమెరికాకు వలసవెళ్లి వాయుబ్రేకులపై పనిచేసినవాడే. ఈ విషయమునకును రైలుబండ్లకును బాంధవ్యము ఎంత దూరమునను తెగదు. ఓ-రింగు ఒత్తుకొనునది బయటి చర్మమును గనుక, దానిపై గీత పడినను, కత్తెరతో ఏటవాలుగా కత్తిరించినను, పూర్తిగా అడుగంట గ్రుచ్చకున్నను గాలి కారును. పదునైన కట్టరుతో నిలువుగా కోసి, ఎంతలోతు పోవలెనో కలముతో గీత పెట్టి గ్రుచ్చుట మంచి అలవాటు. ఫిట్టింగు మూతియొద్దనే గొట్టమును వంచరాదు. రెండు మూడంగుళములు తిన్నగా పోనిచ్చి వంచవలెను. పి.యు. గొట్టము ఎండకు మెత్తబడి తన పీడనబలమును చాలవరకు కోల్పోవును. రేకుల కప్పుక్రింద, బాయిలరు ప్రక్కన నైలాను గొట్టమో, లోహపు గొట్టమో వాడవలెను. ఇంటి నీళ్లకు వాడు పి.వి.సి. పైపును గాలికి ఎన్నటికిని వాడరాదు. నీటితో పగిలినచో కారును. గాలితో పగిలినచో లోనణగియున్న శక్తి యంతయు ఒక్కమారు విడివడి పెంకులు కత్తులవలె ఎగురును.

తేమ విషయ మొకటి చెప్పక విడువరాదు. వేడి 30 డిగ్రీలు, తేమ నూటికి ఎనుబది పాళ్లు గల దినమున ఘనమీటరు గాలిలో 24 గ్రాముల నీరుండును. ఎనిమిది ఘనమీటర్లను ఒకటిగా ఒత్తి మరల ఆ వేడికి చల్లార్చినచో అందులో 30 గ్రాములే నిలుచును. తక్కిన 160 గ్రాములకు పైబడిన నీరు గొట్టములలో ఒలుకును. విశాఖవంటి సముద్రతీరపు ఊళ్లలో ఇది నిత్యానుభవము. అందుకే ప్రధానగొట్టమును కొంచెము వాలుగా నడపి, పల్లమున నీటివిడుపు పెట్టి, పాయలను గొట్టపు అడుగునుండి గాక పైనుండి తీసి హంసమెడవలె వంచి దింపుదురు.

ఆ మిల్లులో ఇపుడు బియ్యము చిందుట లేదు. పెద్ద కంప్రెసరు కొనలేదు. యంత్రపు పీడనము మరల 6 బార్లకు దిగినది. కంప్రెసరు ఒత్తు పీడనమును కూడ ఒక బార్ తగ్గించినచో దాని విద్యుత్తులో నూటికి ఆరేడు పాళ్లు తగ్గును. కారిపోవు గాలి అధికపీడనమునకు మించిన శత్రువు: 7 బార్లయొద్ద ఒక మిల్లీమీటరు రంధ్రమునుండి నిమిషమునకు 60 లీటర్లకు పైగా గాలి పోవును, నాలుగు సిలిండర్ల ఆ యంత్రము పనిచేసి వాడుకొనుదానికంటె అది ఎక్కువ. కర్మాగారము నడుపు పాఠకులకు నా మనవి ఒక్కటి. రాత్రి యంత్రములన్నియు ఆగిన పిమ్మట కంప్రెసరును మాత్రము నడువనిచ్చి, అది ఎన్ని నిమిషములు గాలి నొత్తుచున్నదో, ఎన్ని నిమిషములు విశ్రమించుచున్నదో వ్రాసికొనుడు. రెండు నిమిషములు ఒత్తి ఎనిమిది నిమిషములు విశ్రమించినచో, దాని శక్తిలో అయిదవ వంతు కారుటకే పోవుచున్నదని అర్థము. పిమ్మట సబ్బునీళ్లు, కుంచె తీసికొని ఒక్కొక్క ఫిట్టింగునకు పూయుడు. బుడగ లేచినచోట సుద్దతో గుర్తుపెట్టి, తెల్లవారి గాలి నంతయు వదలినతరువాతనే స్పానరును చేపట్టుడు.